గీత ముందు, పేరు తర్వాత

చొక్కాలకు జేబులు తగ్గిపోతున్నాయి. దీని మీద ఎవరూ ధర్నా చేస్తున్నట్టు లేదు. మొన్నామధ్య మా ఆవిడ తార్నాకలో నాకో చొక్కా కొనుక్కొచ్చింది. రంగు బాగుంది, గుడ్డ మెత్తగా ఉంది, ధర గురించి మేం మాట్లాడుకోలేదు. వేసుకుని అద్దం ముందు నిలబడి, అలవాటు కొద్దీ ఎడమ పక్కన పెన్ను దోపబోతే అది సరాసరి నేల మీద పడింది.

"జేబు లేదే?" అన్నాను.

"ఇప్పుడన్నీ ఇట్లే వస్తాండాయి. అయినా జేబులో పెట్టుకునేకి మీకాడ ఏముందని?" అంది. ఆమెది కడప వైపు. అక్కడివాళ్ళు అడగదలుచుకున్నది అడిగేస్తారు. ప్రశ్నలో తప్పేమీ కనిపించలేదు.

ఆ చొక్కాతోనే ఒక మంగళవారం బ్యాంకుకు వెళ్ళాను. అంటే పెన్ను లేకుండా వెళ్ళాను.

పని చిన్నదే. లాకరు తెరిచి అందులో ఉన్న నా సర్టిఫికెట్లు తెచ్చుకోవాలి. పదిహేనేళ్ళుగా నేను కాంట్రాక్టు లెక్చరర్‌ని. ప్రతి ఏడాదీ వేసవికి ఉద్యోగం పోతుంది, కాలేజీలు తెరిచాక మళ్ళీ వస్తుంది. ఈసారి పర్మనెంటు పోస్టుకు పరీక్ష రాసి జాబితాలో చివరి నుంచి రెండోవాడిగా తేలాను. శుక్రవారం ఉదయం పదిన్నరకు సర్టిఫికెట్ల పరిశీలన. పిలుపు కాగితంలో ఒక్క వాక్యం మాత్రం లావు అక్షరాల్లో ఉంది: ఒరిజినల్స్ చూపించని వారి బదులు తర్వాతి అభ్యర్థిని పిలుస్తారు, గడువు ఇవ్వరు. నాకు నలభై నాలుగు నిండాయి. వయసు సడలింపు కూడా రబ్బరు లాంటిదే. నా విషయంలో అది సాగాల్సినంతా సాగింది. ఇది పోతే మరో పరీక్ష రాసే అర్హత లేదు.

సర్టిఫికెట్లు లాకర్లో ఎందుకున్నాయో చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక వానాకాలం సాయంత్రం ఇంట్లోకి మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. మా ఆవిడ బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కించి, పరుపు చుట్టి అటక మీదికి తోసి, సాయానికి నా వైపు చూస్తే, నేను ఫైలు నెత్తిన పెట్టుకుని గది మధ్యలో నిలబడి ఉన్నాను. నీళ్ళు దిగేదాకా దాదాపు అలాగే ఉన్నాను. ఆ విషయం ఆమె మా బంధువుల్లో ఎవరికీ చెప్పకుండా వదల్లేదు. వారం తర్వాత ఆమే, "అందరూ బంగారం పెడతారు లాకర్లో. మనకాడ లేదు గదా, ఇవన్నా పెట్టండి" అంది. పదో తరగతి మెమో నుంచి పీజీ దాకా ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టాం. ఆ తర్వాత పీహెచ్‌డీ పట్టా వచ్చినప్పుడు అదీ తీసుకెళ్ళి వాటి పక్కన చేర్చాం. తోడుగా ఆమె చెవికమ్మలు ఒక జత.

లాకరు క్యాంపస్ లోపలి బ్యాంకులో ఉంది. విద్యార్థిగా ఉన్నప్పటి నా ఖాతా అక్కడే. దాని మీదే లాకరు ఇచ్చారు. అప్పట్లో లాకర్లు చూసే గుమస్తా పెద్దాయన నేను గుమ్మంలో కనిపించగానే తాళాల గుత్తి పట్టుకుని లేచేవాడు. "ఏం సార్, సర్టిఫికెట్లు పిల్లల్ని పెట్టినయా చూస్తరా?" అనేవాడు. రిజిస్టరులో నేనేదో గీసేవాణ్ణి, ఆయన దాని వంక చూసేవాడు కాదు. ఆయన రిటైరయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో నాకు లాకరుతో పని పడలేదు. ఆయనతోపాటు బ్యాంకుకు నా ముఖం తెలియడం కూడా రిటైరయిందని ఆ మంగళవారం దాకా నాకు తెలియదు.

ఇప్పుడా సీట్లో చిన్న వయసు ఆఫీసరమ్మాయి ఉంది. మాట గోదావరి వైపుది. కౌంటరు దగ్గర తాడుకు కట్టి ఉండే పెన్ను కోసం చూస్తే తాడు మాత్రమే ఉంది. ఆమే తన పెన్ను ఇచ్చింది. సంతకం చేశాను. ఆమె కంప్యూటరు వైపు చూసింది, కాగితం వైపు చూసింది, మళ్ళీ కంప్యూటరు వైపు చూసింది.

"సంతకం కలవట్లేదండీ."

మళ్ళీ చేశాను, ఈసారి శ్రద్ధగా.

"ఇదింకా దూరం వెళ్ళిపోయిందండీ."

ఆధార్ చూపించాను. పాన్ కార్డు చూపించాను. కాలేజీ గుర్తింపు కార్డు చూపించాను. అన్నిటి మీదా ఉన్నది నేనేనని ఆమె మర్యాదగా ఒప్పుకుంది. "మీరు మీరేనండీ, కాదనట్లేదు. కానీ లాకరు మనిషిని చూసి తెరవం కదండీ, సంతకం చూసి తెరుస్తాం." పైగా లాకర్లకు కొత్త ఒప్పంద పత్రం వచ్చిందట, దాని మీద సంతకం చెయ్యనిదే లోపలికి పంపరట, ఆ సంతకమూ కంప్యూటర్లో ఉన్నదానితో కలవాలట.

నేను పాఠం చెప్పేది కామర్స్. అందులో బ్యాంకరుకూ ఖాతాదారుకూ ఉండే సంబంధం గురించి ఒక అధ్యాయం ఉంది. నమూనా సంతకం ఎంత ముఖ్యమో చెప్పే అర పేజీ కూడా అందులోనే ఉంది. అది బాగా చెబుతానని పిల్లలు అంటారు. అందువల్ల ఆమె మాటల్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మామూలు కస్టమరుకు కనీసం కోపం తెచ్చుకునే వీలుంటుంది.

"ఆ సంతకం ఒక్కసారి చూడొచ్చా అమ్మా?" అన్నాను.

చూపించకూడదట. అయినా నా ముఖంలో ఏం కనిపించిందో, చుట్టూ చూసి, తెరను ఓ రెండు అంగుళాలు ఇటు తిప్పింది.

దాన్ని చూడగానే నాకు కలిగింది గౌరవం. పేరు నాదే. కానీ మొదటి అక్షరం పెళ్ళి శుభలేఖ మీది అక్షరంలా వంపు తిరిగి ఉంది. పేరు కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా వణుకన్నది లేని గీత. గీత కింద రెండు చుక్కలు.

"చాలా బాగుందే. ఎవరిది?"

"మీదేనండీ."

అప్పుడే నా ఫోను మోగింది. తీశాను. "సార్, మీరు మా బ్యాంకుకు ఎంతో నమ్మకమైన కస్టమర్ సార్. మీకు జీవితకాలం ఫ్రీగా క్రెడిట్ కార్డు ఇస్తున్నాం సార్." ఇదే బ్యాంకు. వారానికి రెండుసార్లు చేస్తారు.

"నన్ను దేన్ని చూసి నమ్ముతున్నారండీ?" అని అడిగాను.

"మీ రికార్డు చూసి సార్. కాగితాలేం వద్దు, సంతకం కూడా వద్దు. ఒక్క సెల్ఫీ చాలు సార్."

"నేను మీ బ్యాంకులోనే కూర్చున్నాను. ఇక్కడ మేడం నా సంతకం నాది కాదంటున్నారు. నా గురించి ఒక మాట చెబుతారా?"

అతను కాస్త ఆలోచించాడు. "అది వేరే డిపార్ట్‌మెంట్ సార్. కార్డు తీసుకుంటే రెండు సినిమా టికెట్లు కూడా ఉన్నయ్ సార్."

ఫోను ఆ అమ్మాయికి ఇవ్వబోయాను. ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దండీ బాబూ. నాకూ చేస్తారు."

తర్వాత దారి ఆమే చెప్పింది. సంతకం మార్పుకు ఒక ఫారం ఉంది. అందులో పాత సంతకం ఒకటి, కొత్త సంతకం ఒకటి చెయ్యాలి. పాతది కలిస్తే కొత్తది కంప్యూటర్లోకి ఎక్కిస్తారు.

"పాతది కలవకపోతే?"

"హెడ్డాఫీసుకి రాయాలండీ. మూడు వారాలు పడుతుంది. అసలు పాతది మీరు చెయ్యలేదంటే ఇంకా పెద్ద కేసు, ఎంక్వైరీ వేస్తారు." కొంచెం ఆగి, "మీరే చేశారు కదండీ?" అంది.

"నేనే అయ్యుంటాను. మర్చిపోయాను."

"సంతకమా అండీ?"

"చాలా కాలమైంది."

అప్పటికి నాకూ నిజం తెలియదు. ఆమె ఒక తెల్లకాగితం ఇచ్చింది. తెర మళ్ళీ అటు తిరిగిపోయింది కాబట్టి, కళ్ళల్లో మిగిలినదాన్ని బట్టి ఏడుసార్లు ప్రయత్నించాను. ఆమె ఆ ఏడింటినీ చూసి జాలిగా, "ఇంటికెళ్ళి గుర్తు తెచ్చుకుని రండి సార్. హెల్ప్‌లైన్‌కి కూడా ఒకసారి చెప్పి చూడండి" అంది.

ఇరవై రెండేళ్ళ ఖాతాలో ఈ సంగతి ఎలా బయటపడలేదని అడగొచ్చు. చెక్కు రాసిన పాపాన నేనెప్పుడూ పోలేదు. విద్యార్థిగా డబ్బు తీసుకునే చీటీల మీద ఏదో గీకేవాణ్ణి. నా ఖాతాలో ఉండే నిల్వను కాజేయడానికి ఎవరూ వేషం వేసుకుని రారని క్యాషియరుకు తెలుసు. తర్వాత కార్డు వచ్చింది, ఆ తర్వాత ఫోను వచ్చింది. చేతితో పేరు రాయాల్సిన అవసరం జేబులాగే మాయమైంది.

బయట క్యాంటీన్‌లో టీకి టోకెను తీసుకున్నాను. పాత పద్ధతి క్యాంటీను, టోకెను మీద పెన్నుతో ఒక గీత గీసి ఇస్తారు. ఆ గీత చూస్తూ టీ తాగుతుంటే తట్టింది. ఆ రెండు చుక్కలు నేను ముందే ఎరుగుదును. ఐదేళ్ళు వాటి పుణ్యానే అన్నం తిన్నాను. మా హాస్టల్ మెస్సు చీటీల మీద ఉండేవి అవి. ఆ సంతకం మెస్సు సెక్రటరీగా ఉన్న సీనియర్‌ది, అందరం ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం.

ఆయన నాకంటే నాలుగేళ్ళు పెద్ద, వరంగల్ వైపు మనిషి. నేను క్యాంపస్‌కు వచ్చిన మొదటి నెలలోనే టైఫాయిడ్‌తో పదకొండు రోజులు ఆసుపత్రిలో పడ్డాను. తిరిగొచ్చిన రోజు ఆయన నా మంచం మీద ఒక పాస్‌బుక్ పడేసి, "ఇగో, నీ అకౌంటు. స్కాలర్‌షిప్ దీంట్లనే పడతది. జ్వరం తగ్గిందా?" అన్నాడు. ఖాతా తెరవకపోతే స్కాలర్‌షిప్ రాదు. అది రాకపోతే నేను మా మేనమామ ఎరువుల అంగట్లో కూర్చునేవాణ్ణి. యూరియా బస్తాలు లెక్కపెట్టడంలో మా మామ ఇప్పటికీ నాకు సాటి లేరంటాడు. అంత సంగతి ఒక పాస్‌బుక్‌లో ఉంటే, దాన్ని తెరవడానికి సంతకం ఎవరు చేశారని నేను అడగలేదు. జ్వరం తగ్గిన మనిషికి ఆకలి తప్ప ఏ ప్రశ్నా రాదు.

ఆ రాత్రి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. మా అమ్మ పుట్టింటి పేరు అడిగారు, చెప్పాను. పుట్టిన తేదీ అడిగారు, చెప్పాను. ఆఖరుసారి కార్డుతో డబ్బు దేనికి చెల్లించానని అడిగారు. తార్నాకలో ఒక ప్లేటు ఇడ్లీకి అన్నాను. అన్నీ సరిపోయాయని అభినందించి, మీ శాఖకు వెళ్ళి సంతకం చెయ్యండి అన్నారు. ఆపైన తమ సేవకు ఐదింట ఎన్ని మార్కులు వేస్తానని అడిగారు. వృత్తి ధర్మం కొద్దీ ఎవర్నీ ఫెయిల్ చెయ్యలేను. రెండు వేశాను.

"ఏమన్నారు?" అంది మా ఆవిడ.

చెప్పాను.

"ఆ నీళ్ళొచ్చినప్పుడే మేలు. నెత్తిమీదన్నా ఉండె," అంది. శుక్రవారానికి మధ్యలో రెండు రోజులున్నాయి.

అన్న వారాసిగూడలో థీసిస్‌లు బైండింగ్ చేసే షాపు పెట్టాడని నాకు పదేళ్ళుగా తెలుసు. తార్నాక నుంచి ఆటోలో పది నిమిషాలు. పదేళ్ళలో ఆ పది నిమిషాలు నాకు దొరకలేదు. బుధవారం మధ్యాహ్నం దొరికాయి.

చిన్న షాపు, వెనక ఇల్లు. గోడ వారగా నల్ల అట్టల మీద బంగారు రంగు అక్షరాల థీసిస్‌లు పేర్చి ఉన్నాయి. ఆయన సొంత పీహెచ్‌డీ ఆరో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ పీహెచ్‌డీలన్నీ ఆయనే కుడుతున్నాడు. సూదిలో దారం ఎక్కిస్తున్నవాడల్లా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నన్ను చూశాడు.

"టైఫాయిడ్‌గానివి గద. కూసో."

కూర్చున్నాను.

"నీ థీసిస్ అయిపోయిందంట గద. యాడ బైండింగ్ చేపిచ్చినవ్?"

"తార్నాకలో అన్నా. దగ్గర కదా అని."

"మంచిగ చేసిండా?"

"పర్వాలేదు. తర్వాత కొన్ని పేజీలు ఊడొచ్చాయి."

"వస్తయ్," అన్నాడు తృప్తిగా.

వచ్చిన పని చెప్పాను. చెప్పడం పూర్తికాకముందే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కుట్టు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. లోపల్నుంచి వదిన గరిటెతో వచ్చింది.

"ఏందయ్యా, గంత నవ్వుడు?"

"నేను చేసిన దొంగ సంతకం ఇరవై రెండేండ్లకు దొరికిందే."

"పోలీసులొచ్చిన్రా?"

"పోలీసులు కాదు, మాస్టరొచ్చిండు. నాకు నా సంతకం నేర్పు అంటుండు."

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "చాయ్ పెడతా," అని లోపలికి వెళ్ళింది.

"నువ్వు జ్వరంల పడి ఉంటివి," అన్నాడాయన. "ఫారాలకు గదే ఆఖరు దినం. నాలుగింటికి కౌంటర్ బంద్ అన్నరు. నీ ఫోటో హాస్టల్ ఫారం మీదికెళ్ళి పీకి అతికిచ్చిన. సంతకం జాగ ఖాళీగున్నది. ఖాళీగ ఎట్లిస్త?"

"నాకు చెప్పలేదు కదన్నా."

"చెప్తె నువ్వు వొణుక్కుంట పోయి మేనేజర్‌కు చెప్తుంటివి. గంత నిజాయితీ ఉండె నీకప్పుడు."

చివర్లో వచ్చిన ఆ 'అప్పుడు' అనే మాటను దాటేసి పెన్ను తీసుకున్నాను. పాడైన థీసిస్ పేజీల వెనక వైపు ఇచ్చి రాయమన్నాడు. పేరు రాసి కింద గీత గీశాను. గీత వంకరగా పోయింది. మళ్ళీ రాశాను. పేరు బిగుసుకుపోయింది. పది పేజీలయ్యాక ఆయన విసుగ్గా పెన్ను లాక్కున్నాడు.

"ఎట్లొస్తది? పేరు ముందు రాస్తున్నవ్. గీత ముందు, పేరు తర్వాత."

అప్పుడు చెప్పాడు. హాస్టల్లో రెండు వందల పైచిలుకు మెస్సు చీటీలుండేవి. ఆదివారం భోజనాలయ్యాక వాటిని బల్ల నిండా పరిచి, ముందు అన్నిటి మీదా వరసపెట్టి గీతలు గీసుకుంటూ పోయేవాడు. గీత గీసేటప్పుడు చెయ్యి ఆగదు కాబట్టి వణకదు. తర్వాత ఆ గీతల మీద తన పేరు కూర్చోబెట్టేవాడు.

"మరి చుక్కలెందుకన్నా?"

"ఒక చుక్క లెక్క చూసిన అన్నట్టు. రెండో చుక్క పైసలొచ్చినయ్ అన్నట్టు. నీ ఫారం మీద చెయ్యి అలవాటుకొద్ది రెండూ పెట్టింది."

అంటే ఖాతాలో రూపాయి పడకముందే నా బాకీ తీరిపోయినట్టు ఆయన సంతకం పెట్టేశాడు.

గీత ముందు గీసి చూశాను. కాస్త దగ్గరికొచ్చింది. ఆయన నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుని దిద్దించాడు. "గట్టిగ పట్టకు. అది పెన్ను, ఆటో హ్యాండిల్ కాదు." నలభై నాలుగేళ్ళ వయసులో, జేబు లేని చొక్కా వేసుకుని, వారాసిగూడలో కూర్చుని నా పేరు నేను దిద్దుకున్నాను. టీ వచ్చింది, చల్లారింది, వదిన మళ్ళీ వేడిచేసి తెచ్చింది. గంటన్నర తర్వాత ఆయన ఒక కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "గిది నేనే చేసిన అనుకుంటరు," అన్నాడు. లేచేటప్పుడు పెన్ను కూడా ఇచ్చాడు. పెట్టుకోవడానికి జేబు లేక చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చాను.

గురువారం బ్యాంకులో ఫారం ముందు పెట్టుకుని గీత గీశాను. దాని మీద పేరు కూర్చోబెట్టాను. రెండు చుక్కలు పెట్టాను. ఆఫీసరమ్మాయి కంప్యూటరు చూసింది, కాగితం చూసింది. ఆమె ముఖం విప్పారింది.

"గుర్తొచ్చేసిందండీ!"

"వచ్చిందమ్మా."

"ఇప్పుడు కొత్తది చెయ్యండి."

నా మామూలు సంతకం చేశాను. హాజరు పట్టీల మీద పదిహేనేళ్ళుగా చేస్తున్నదే. ఆమె దాన్ని చూసి కాస్త నిరుత్సాహపడింది. "పాతదే బాగుందండీ. ఎందుకు మార్చుకుంటున్నారు?"

మేనేజరు అనుమతికి గంట పట్టింది. ఒప్పంద పత్రం మీద సంతకాలకు ఇంకో అరగంట. అప్పటికి భోజనాల వేళయింది. మధ్యాహ్నం తర్వాత రమ్మంటుందని లేవబోయాను. ఆమె తన టిఫిన్ డబ్బా పక్కకు జరిపి తాళాల గుత్తి తీసుకుంది. మూడేళ్ళుగా తిరగని లాకరు నా తాళానికి లొంగలేదు. అటెండరు కుట్టుమిషను నూనె తెచ్చి రెండు చుక్కలు వేశాడు. ఆమె తాళం, నా తాళం, ఇద్దరం కలిసి తిప్పాం. తలుపు కిర్రుమంది.

సంచి అలాగే ఉంది. పదో తరగతి మెమో అంచులు కూడా పసుపెక్కలేదు. సంచి గుండెలకు ఆనించుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఈ అమ్మాయి మీద రెండు రోజులుగా లోలోపల నేను దాచుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పైకి రాలేదు. నన్నే అంత తేలిగ్గా రానివ్వని గదిలోకి ఇంకెవరు రాగలరు? నా జీవితమంతా పట్టే ఆ ప్లాస్టిక్ సంచికి ఇన్నాళ్ళూ కాపలా ఉన్నది ఈ మొండితనమే కదా.

"ఆకలేస్తుంటుందమ్మా, తిను," అన్నాను.

"ముందు ఎన్నున్నాయో చూసుకోండి సార్. తర్వాత నా మీదికొస్తారు," అంది.

ఉన్నాయి. కమ్మలతో సహా.

శుక్రవారం పదిన్నరకు వరసలో కూర్చున్నాను. పదకొండున్నరకు పిలిచారు. బల్ల వెనక కూర్చున్న ఆయన ఒక్కొక్క కాగితం తిప్పి, ఆకుపచ్చ సిరాతో టిక్కులు పెట్టాడు. నా వెనక కూర్చున్న, వెయిటింగ్ జాబితాలో మొదటి అభ్యర్థి మెడ సాచి చూస్తున్నాడు. ఒక్క కాగితం తక్కువైతే నా కుర్చీ అతనిది. తక్కువ కాలేదు. చివర్లో ఒక ఫారం ఇచ్చి, సంతకం చెయ్యమన్నారు. పెన్ను ఆనించాను. నేను అనుకునే లోపే చెయ్యి గీత గీసేసింది. నిఖార్సైన గీత, వణుకు లేదు. పెన్ను దాని చివర ఆగింది. దరఖాస్తు మీద నా మామూలు సంతకం ఉంది.

"ఏందండీ, ఆలోచిస్తున్నరు?" అన్నాడాయన.

గీత మీద నా మామూలు సంతకమే చేశాను. చుక్కల దగ్గర చేతిని గట్టిగా ఆపాను. ఆయన దరఖాస్తుతో పోల్చి చూశాడు. "అండర్‌లైన్ కొత్తగ వచ్చింది," అని టిక్కు పెట్టాడు. నియామక ఉత్తర్వు ఇంటికి పంపుతామన్నాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ముందు కమ్మలు పెట్టుకుంది. తర్వాత నవ్వింది. ఆ తర్వాత, "ఆయనకు ఏం తీసుకుపోతారు?" అంది.

ఆదివారం నల్లకుంటలో కిలో మిఠాయి కట్టించుకుని వారాసిగూడ వెళ్ళాను. అన్న ఎవరిదో లావుపాటి థీసిస్‌కు కుట్లు వేస్తున్నాడు. వదిన డబ్బా విప్పి, "ఓయమ్మో, కిలోనా! మాకిద్దరికీ షుగరు," అంటూనే ఒకటి నోట్లో వేసుకుంది.

"పనైందా?" అన్నాడాయన తల ఎత్తకుండా.

"అయిందన్నా. ఉత్తర్వు రావాలి. వస్తుందన్నారు."

"మంచిది."

దారి పొడవునా కూడబలుక్కుని వచ్చిన మాటలున్నాయి నా దగ్గర. ఆ రోజు నువ్వు ఆ సంతకం చెయ్యకపోతే, అని మొదలుపెట్టాను. ఎరువుల అంగడి దాకా వచ్చేసరికి మాటల వరస తప్పింది. ఆయన దారం లాగుతూ విన్నాడు. విని, ఇంకో కుట్టు వేశాడు.

"మరి బ్యాంకుల సంతకం?"

"మార్పించుకున్నానన్నా. ఇప్పుడక్కడ ఉన్నది నాదే."

దారాన్ని పంటితో కొరికి తెంపాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి నన్ను చూశాడు.

"మార్పిచ్చుకున్నవ్ గద. ఇగ ఈ దిక్కు నువ్వేం వస్తవ్ తియ్."